చెరువుకి ఏ ఒడ్డున దిగాలి

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. కిందటి కార్తీకమాసంలో మేము బస చేసిన చెరువును ఎంపిక చేసింది నేను. "చూసి వచ్చాను, బాగుంది" అని కాగితం మీద రాసి ఇచ్చిందీ నేనే. కానీ నేను ఆ చెరువును చూడలేదు.

చూడాలని బయలుదేరిన మాట నిజం. బాబాయి కంపెనీ డ్రైవరు ఒక మంగళవారం నన్ను అక్కడిదాకా తీసుకెళ్ళాడు. మట్టిదారి మలుపులో గడ్డిమోపుల లారీ ఒకటి ఆగి ఉంది. దాని చుట్టూ పదిమంది మగవాళ్ళు. వాళ్ళను దాటాలంటే అద్దం దించి ఏదో ఒకటి అడగాలి. నాకు నోరు పెగల్లేదు. "చాలు, వెనక్కి వెళ్దాం" అన్నాను. ఇంటికొచ్చి ఫోనులో మ్యాపు పెద్దది చేసుకుని, ఎవరెవరో పెట్టిన ఫొటోలు చూసి, గట్టి నేల, తేట నీళ్ళు, చుట్టూ పచ్చిక అని ఒక పేజీ రాశాను. మాట్లాడటం రాదు గానీ రాయడం నాకు బాగానే వచ్చు. అందరూ నమ్మారు.

అల్ తుమామా

ఖతార్ రాజధాని దోహాలో మా ఇల్లు ఇక్కడే. వంటింటి కిటికీలోంచి చూస్తే కొత్త స్టేడియం క్రేన్లు కనిపిస్తాయి. నాన్న అందులోనే ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకి ఇంకా మూడేళ్ళు. ఊరంతా తవ్వేసి ఉంది. నిన్న వెళ్ళిన దారి ఈరోజు ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఏటా కార్తీకంలో గోదావరి జిల్లాల వాళ్ళం కొన్ని కుటుంబాలం ఏదో పార్కులో కలిసి భోంచేసి సాయంత్రానికి ఇళ్ళకు చేరిపోతాం. ఈసారి అలా కాకుండా నీళ్ళ పక్కన ఒక రాత్రి ఉండాలనుకున్నాం. కారణం వనజ పిన్ని.

పిన్ని అమ్మకు సొంత చెల్లెలు. ఊళ్ళోనే అల్ హిలాల్‌లో ఉంటుంది. స్కూల్లో లెక్కలు చెప్పేది. ఆ ఏడాది మొదట్లో రొమ్ములో గడ్డ అన్నారు. ఆపరేషన్, ఆ తర్వాత కీమో. ఆగస్టులో మందులు ఆపేసి, ఇంక భయం లేదు, మామూలుగా తిరగండి అన్నారు డాక్టర్లు. పిన్ని మాత్రం గది దాటి రాలేదు. ఏది తిన్నా ఇనుము నాకినట్టే ఉందనేది. సెప్టెంబరులో బాబాయి బలవంతం మీద సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్తే, ఆ ఉక్కకు పది నిమిషాల్లో వాంతి చేసుకుని వచ్చేసింది.

ఒకరోజు నేను పక్కన కూర్చుని ఏదో చదువుకుంటుంటే తనే అంది.

"నీళ్ళ పక్కన ఒక్క రాత్రి పడుకోవాలని ఉందే సుధా. మంచం ఉండాలి, బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి, ఎవరూ నా తల వంక చూడకూడదు. ఇది కూడా కుదరకపోతే ఇంక నన్ను ఎక్కడికీ రమ్మనకండి."

ఈ మాట అందరికీ చెప్పాను. బాబాయి ఆ సాయంత్రమే మంచం, బాత్రూమ్ ఉన్న కారవాన్ ఒకటి అద్దెకు మాట్లాడేశాడు. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు అది. ఇక చోటు. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనే కాబట్టి ఆ పని నాకు పడింది. దక్షిణాన ఇసుకతిన్నెల దగ్గర సముద్రతీరం ఉంది కానీ ఇక్కడి సెలవురోజు శుక్రవారం, అది వస్తే అక్కడ ఇసుక బైకుల మోత. ఎడారిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఇంకా అందంగా ఉంటుందట, కానీ తిన్నెలు దాటి కారవాన్ వెళ్ళదు. మూడోది సల్వా రోడ్డు దిగువన ఎడారి మధ్యలో ఉన్న చెరువు. అది నేనెలా ఎంచానో చెప్పాను కదా.

సల్వా రోడ్డు

శుక్రవారం పొద్దున్న ఏడింటికి బయలుదేరాం. ముందు బండిలో బాబాయి, పిన్ని, నేను, వెనక కారవాన్. రెండో కారులో నాన్న, అమ్మ, నాన్న తోటి ఇంజనీరు మూర్తిగారు, ఆయన భార్య రత్నం ఆంటీ. ఆంటీకి ఒడిలో సీటుబెల్టు చుట్టిన పెయింటు బకెట్టు, అందులో మూరెడు ఉసిరి మొక్క. వనభోజనం ఉసిరిచెట్టు కిందే చెయ్యాలి. ఎడారిలో ఉసిరిచెట్టు ఎక్కడ దొరుకుతుందని, ఆవిడ రెండేళ్ళుగా బాల్కనీలో ఈ మొక్కను సాకుతోంది. ఇప్పటికైతే దాని కింద చీమలు తప్ప ఎవరూ భోంచెయ్యలేరని మూర్తిగారు. "మీ ఉద్యోగం కంటే నయం, ఏటా రెండాకులైనా పెరుగుతోంది" అని ఆంటీ.

ఊరు దాటేలోపే దారి తప్పాం. మ్యాపులో ఉన్న రోడ్డు స్థానంలో గొయ్యి ఉంది. ఒకే రౌండెబౌట్ చుట్టూ కారవాన్‌తో మూడుసార్లు తిరిగాం. మూడోసారికి ఎండలో జెండా పట్టుకు నిలబడ్డ నేపాలీ కార్మికుడు మాకు నమస్కారం పెట్టాడు. పిన్ని తల తిప్పి అతన్ని చూసింది. ఆ దారిలో ఆమె దేన్నైనా చూడటం అదే మొదలు.

సల్వా రోడ్డు ఎక్కాక ఒక మలయాళీ టీకొట్టు దగ్గర ఆగాం. ఇక్కడ కొట్టు ముందు కారు ఆపి హారన్ కొడితే టీ మన దగ్గరకు వస్తుంది. మా కాకినాడలో టీకొట్టు ముందు అలా హారన్ కొడితే ఏం వస్తుందో చెప్పక్కర్లేదు. ఏలకులు దంచి వేసి, పాలు మరిగించి ఎర్రగా చేసిన కరక్ టీ ఒక రియాలు. పొరలు పొరలుగా విడిపోయే పరోటా ఇంకో రియాలు. బాబాయి మూడు తిన్నాడు. పిన్ని పరోటా వద్దంది. టీ కప్పు మాత్రం అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంది, తాగలేదు. చల్లారాక కిటికీలోంచి పారబోసింది.

చెరువు, మొదటి ఒడ్డు

చెరువు నిజంగానే పెద్దది. మైళ్ళకొద్దీ గోధుమరంగు నేల చూసి చూసి ఉన్న కళ్ళకు ఆ నీలం నమ్మబుద్ధి కాలేదు. నా పేజీలో రాసినదానికంటే బాగుంది అనుకున్నాను. అప్పుడు కారు తలుపు తీశాం.

గాలి నీళ్ళ మీదుగా మా మొహాన కొడుతోంది. పాచి కుళ్ళిన వాసన. ఒడ్డునంతా తెల్లటి నురగ, దానిలో చిక్కుకున్న నాచు. పక్కనే అరబిక్‌లో, ఇంగ్లీషులో బోర్డు: ఇది ఊళ్ళో వాడిన నీటిని శుద్ధి చేసి నింపిన చెరువు, దిగకూడదు, తాగకూడదు. కార్తీక స్నానం కోసం తువ్వాళ్ళు భుజాన వేసుకుని దిగిన అమ్మ, రత్నం ఆంటీ ఆ బోర్డు ముందు ఆగిపోయారు.

"అంటే ఇవి మురుగునీళ్ళా అన్నయ్యగారూ?" అని ఆంటీ నాన్నను అడిగింది.

నాన్న నా వైపు చూశారు. కోప్పడలేదు. "నువ్వు చూసినప్పుడు ఇలాగే ఉందా?" అన్నారు మెల్లిగా.

"అప్పుడు గాలి లేదు" అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

ఇంతలో బాబాయి కారవాన్‌ను నీడ వైపు తిప్పబోయాడు. అక్కడి నేల పైకి తెల్లగా, ఎండి గట్టిగా ఉంటుంది. అది ఉప్పునేల. మీగడ కట్టిన పాలలా పైపొర మాత్రమే గట్టి, కింద అంతా బురద. కారవాన్ చక్రం ఒకటి ఆ పొర పగలగొట్టుకుని సగం దాకా దిగిపోయింది. బాబాయి ముందుకు లాగితే ఇంకాస్త దిగింది. నాన్న, మూర్తిగారు వెనక నుంచి నెడితే బురద వాళ్ళ చొక్కాల మీదకు వచ్చింది గానీ బండి కదల్లేదు.

పిన్ని కారులోనే ఉంది. స్కార్ఫు ముక్కు మీదకు లాక్కుని అద్దాలు ఎక్కించుకుంది. నేను దగ్గరకు వెళ్తే అద్దం కొంచెం దించి, "పర్లేదులే సుధా. వెళ్ళిపోదాం. నేను ముందే అనుకున్నాను" అంది. తిట్టినా బాగుండేది. ఆమె గొంతులో విసుగు కూడా లేదు. వెళ్ళి మళ్ళీ తన గదిలో పడుకోవడానికి సిద్ధంగా ఉంది, అంతే.

దూరంగా, పావు మైలు అవతల, పచ్చగడ్డి చేను అంచున లారీ ఆగి ఉంది. కొందరు మోపులు ఎక్కిస్తున్నారు. మా వాళ్ళందరూ బురదలో ఉన్నారు. నేను నడవడం మొదలుపెట్టాను.

గడ్డిచేను

నడుస్తూ హిందీలో ఏం అనాలో మూడు వాక్యాలు తయారుచేసుకున్నాను. ఆ మంగళవారం నేను పారిపోయింది బహుశా ఈ మనుషుల నుంచే. దగ్గరకు వెళ్ళేసరికి మూడూ మర్చిపోయాను. వాళ్ళలో ఒకతను కాస్త ఎడంగా నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు.

"దుబాయ్ కాదే అవ్వా, ఖతరు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఆఁ, తిన్న. గడ్డి కోస్తున్న. ఇంటికాడ కొయ్యనని తిడ్తివి గదా, ఇప్పుడు జూడు."

అతను ఫోను పెట్టేసేదాకా ఆగి, "అన్నా" అన్నాను. అంతకుముందు తెలియని మగవాళ్ళెవరినీ నేను అలా పిలిచి ఎరగను.

అతని పేరు గంగారాం. నిర్మల్ దగ్గర పల్లె. ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు, మొదట బిల్డింగుల పని, ఇప్పుడు ఈ చెరువు నీళ్ళతో పశువుల గడ్డి పెంచే కంపెనీలో. ఏ ఊరని అడిగాడు. కాకినాడ అంటే నవ్వాడు.

"గోదావరి నీళ్ళు తాగినోళ్ళు గీ నీళ్ళ కాడికి అచ్చిండ్రా? సరే గని, ఆ ఒడ్డుకెందుకు దిగిండ్రు చెల్లె?"

నాకు తెలియదన్నాను. అతను ఒక గడ్డిపోచ తుంచి గాల్లో వదిలి చూపించాడు. ఈ దేశంలో చలికాలమంతా గాలి వాయువ్యం నుంచే వస్తుంది. మేము దిగింది దానికి ఎదురు ఒడ్డున. చెరువులోని నురగ, నాచు, వాసన అన్నీ గాలికి కొట్టుకొచ్చి చేరేది అక్కడే.

"అటు దిక్కు వోండ్రి. గాలి మీ ఎనుకకెల్లి నీళ్ళ మీదికి పోతది, వాసన ఉండదు. కింద గట్టి కంకర నేల. ఖతరోళ్ళ డేరాలన్ని ఆడనే ఉంటయి, జూడలేదా?"

చూడలేదు. అదే కదా అసలు సంగతి.

తన జతగాళ్ళను ఇద్దరిని, ఒక నేపాలీని, ఒక బంగ్లాదేశీని, "యల్లా" అని కేకేసి లారీ ఎక్కించుకుని వచ్చాడు. వస్తూనే కారవాన్‌ను కారు నుంచి విప్పించాడు. చక్రాల్లో గాలి సగానికి తీసేశాడు. మా నాన్న ఇంజనీరు, మూర్తిగారు ఇంజనీరు, బాబాయి ఇంజనీరు. ఆ ఆలోచన ముగ్గురికీ రాలేదు. చక్రాల కింద పాత గోనెపట్టాలు పరిచి, లారీకి తాడు కట్టి లాగితే ఒక్క ఊపులో బయటపడింది. రత్నం ఆంటీ తన భర్త చొక్కా చూసి, "ముగ్గురు ఇంజనీర్లని ఒక గడ్డిలారీ లాగింది" అంది.

గాలి వెనక ఉన్న ఒడ్డు

గంగారాం లారీ వెనకే చెరువు చుట్టూ తిరిగి వెళ్ళాం. అవతలి ఒడ్డున కారు తలుపు తీస్తే నిజంగానే వాసన లేదు. కంకర నేల మీదుగా వచ్చే చల్లగాలి వీపుకు తగులుతోంది. కాస్త దూరంలో ఒక ఖతరీ కుటుంబం పెద్ద గుడారం. నీటి అంచున రెల్లు. కారవాన్ తలుపు చెరువు వైపు వచ్చేలా నిలబెట్టాం. పిన్ని దిగి లోపలికి వెళ్ళి పడుకుంది. కిటికీ తెర మాత్రం తీసి ఉంచింది.

బకెట్టు మధ్యలో పెట్టి, మొక్కకు పసుపు కుంకుమ పెట్టి, దాని చుట్టూ అరటాకులు వేశాం. గంగారాం, జతగాళ్ళు కూడా కూర్చున్నారు. పులిహోర, గారెలు, కంద బచ్చలి, దద్దోజనం. ఖతారొచ్చాక ఆకులో తినడం ఇదే మొదటిసారని గంగారాం అన్నాడు. పిన్నికి పళ్ళెంలో పెట్టి ఇస్తే రెండు ముద్దలు తిని, వద్దంది. అమ్మ ఆ పళ్ళెం పట్టుకుని మెట్టు మీద కాసేపు కూర్చుంది.

నాలుగింటికి పక్క గుడారంలోని ముసలావిడ, కూతురితో కలిసి ఇంత పెద్ద పళ్ళెం మోసుకొచ్చింది. కుంకుమపువ్వు వేసిన అన్నం, మీద మేకమాంసం. మాకు ఒక్క ముక్క అరబిక్ రాదు, వాళ్ళకు ఇంగ్లీషు రాదు. కార్తీకంలో మాంసం ముట్టం. పొరుగువాళ్ళు పెట్టింది వద్దనడమూ మర్యాద కాదు. అమ్మ పళ్ళెం అందుకుని నవ్వుతూ నిలబడిపోయింది. చివరికి గంగారాం, "కార్తీకం నాకుంటది గని వీళ్ళకు లేదమ్మా" అని జతగాళ్ళను చూపించాడు. వాళ్ళు పది నిమిషాల్లో మా మర్యాద కాపాడారు. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని మన ఇళ్ళలో పట్టింపు కదా. అమ్మ ఆ పళ్ళెం కడిగి గారెలు, పులిహోర పెట్టి ఇచ్చింది. ముసలావిడ ఆశ్చర్యపోలేదు. వాళ్ళకూ అదే ఆనవాయితీ కాబోలు. గారె ఒకటి తీసి, మధ్య చిల్లులోంచి అమ్మను చూసి, ఇదెందుకని సైగ చేసింది. అమ్మకు జవాబు తెలియలేదు. నాకూ తెలియదు.

దీపాలు

పొద్దు వాలే వేళకు అసలు పేచీ వచ్చింది. ఈనెపుల్లలతో కుట్టిన అరటాకు దొప్పలు, వాటిలో పిండి ప్రమిదలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని ఈ నీళ్ళలో వదలనని రత్నం ఆంటీ. ఊరంతా వాడి పారేసిన నీళ్ళలో కార్తీక దీపమా అని. అమ్మ ఎటూ తేల్చుకోలేక నాన్నను చూసింది. నాన్న ఎప్పటిలాగే ఆకాశాన్ని చూశారు.

గంగారాం మాత్రం, "నీళ్ళకేం ఎరుకమ్మా అవి యాడికెల్లి అచ్చినయో. గడ్డి పచ్చగనే మొలుస్తుంది గదా" అన్నాడు.

ఆంటీ ఒప్పుకోలేదు. అప్పుడు కారవాన్ తలుపు తెరుచుకుంది. పిన్ని మెట్టు మీద నిలబడింది. మాట్లాడేది తనే అని గ్రహించడానికి మాకు క్షణం పట్టింది.

"నన్నూ ఆర్నెల్లు కడిగి కడిగి పంపారు రత్నంగారూ. మరి నేను పనికొస్తానా, రానా?"

ఆంటీ కళ్ళొత్తుకుని, మొదటి దొప్ప తనే తీసి పిన్ని చేతిలో పెట్టింది. పిన్ని ఒడ్డుకు దిగి వంగింది. నేను మోచెయ్యి పట్టుకోబోతే వద్దంది. వెనక నుంచి వచ్చే గాలి దొప్పలను ఒడ్డుకు తోసెయ్యకుండా నీళ్ళ మధ్యకు తీసుకెళ్ళింది. మంచి ఒడ్డు లక్షణం అది కూడానట. తెల్లారాక అవతలి ఒడ్డున దొప్పలన్నీ తనే ఏరేస్తానన్నాడు గంగారాం, లేకపోతే సూపర్‌వైజరు తిడతాడని. ఒక దీపం తనూ వదిలాడు. ఎవరి పేరుతోనో నేను అడగలేదు.

పొద్దున్న

నేను లేచేసరికి పిన్ని ఒడ్డున కుర్చీలో ఉంది. తల మీద స్కార్ఫు లేదు. కొత్తగా మొలిచిన జుట్టు అంగుళం పొడవుంది, బూడిద రంగులో, చిన్నపిల్లల జుట్టులా. నీళ్ళలో పొడుగు కాళ్ళ గులాబిరంగు కొంగలు, నలభై దాకా, తలలు ముంచి తింటున్నాయి. లెక్కపెట్టింది నేను కాదు, పిన్ని. లెక్కల టీచరు కదా.

అమ్మ రాత్రి మిగిలిన పులిహోర తెచ్చింది. అలవాటుగా పిన్ని ముందు కొంచెమే పెట్టింది. పిన్ని ఒక ముద్ద తిని ఆగింది. ఇంకో ముద్ద తిని నమిలింది.

"అక్కా, ఇంగువ ఎక్కువైంది" అంది.

ఆర్నెల్లుగా ఇనుము రుచి తప్ప ఏదీ తెలియని మనిషి. మామూలుగా తన పులిహోరకు వంక పెడితే అమ్మ ఎవర్నీ వదలదు, నాన్నతో రెండు రోజులు మాట్లాడకుండా ఉన్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఆ పొద్దున్న మాత్రం అటు తిరిగి గిన్నె మూత వెతుకుతూ, "అవునే, కాస్త ఎక్కువే పడింది" అంది. నేను తిన్నాను కదా, ఇంగువ సరిగ్గానే ఉంది. పిన్ని మారు పెట్టించుకుంది.

బయలుదేరే ముందు గంగారాంకి చెప్పి వస్తానని నేనే గడ్డిచేను దాకా వెళ్ళాను, ఒక్కదాన్నే. డబ్బాలో గారెలు ఇచ్చాను. చోటు ఎంపిక చేసేటప్పుడు ఏమేం చూడాలో అడిగి ఈసారి నిజంగా చూసి రాసుకున్నాను: గాలి ఎటు, నేల మీద మడమతో తన్నితే లోపలికి దిగుతుందా, ఈ దేశం వాళ్ళు డేరాలు ఎక్కడ వేసుకున్నారు. కుటుంబంతో, కారవాన్‌తో ఎడారి చెరువుకి వెళ్ళాలనుకునే వాళ్ళకు ఈ మూడూ చాలు. నాలుగోది, అడగడానికి మొహమాటపడకండి.

అల్ హిలాల్

తిరుగు దారిలో రౌండెబౌట్ ఒక్కసారే తిరిగాం. టీకొట్టు దగ్గర పిన్ని కరక్ సగం తాగి, ఏలకులు బాగున్నాయంది. అల్ హిలాల్ చేరేసరికి మధ్యాహ్నం అయింది. బాబాయి కారవాన్ అప్పగించడానికి వెళ్ళాడు. నేను సంచులు మోసుకుని నాలుగో అంతస్తు దాకా వెళ్ళి, తలుపు దగ్గర చెప్పులు విప్పకుండానే వెళ్ళొస్తానన్నాను. పిన్ని గదిలోకి పోలేదు. హాల్లో కర్టెన్లు రెండూ పక్కకు లాగి, కిటికీ తెరిచి, నా వైపు తిరిగింది.

"వచ్చే శుక్రవారం ఏ పనీ పెట్టుకోకు."